రేసు ట్రాకు మీద సొంత కారు – ఇన్సూరెన్స్ విషయంలో షరీఅతు ఏమంటుంది?

సొంత కారును రేసు ట్రాకు మీదికి తీసుకెళ్లి, పోటీ ఏదీ లేకుండా, కేవలం సరదా కోసం వేగంగా నడపటం అనే అభిరుచి మన యువకుల్లోనూ కనిపిస్తోంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచి ఒక ట్రాకు ఉంది. గ్రేటర్ నోయిడాలో 2011లో బుద్ధ్ సర్క్యూట్ ప్రారంభమైంది. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన సోదరులకు దుబాయి ఆటోడ్రోమ్, అబూదాబీలోని యాస్ మెరీనా పేర్లు కొత్తవి కావు. నిర్వాహకులకు రుసుము చెల్లించి, హెల్మెట్ పెట్టుకుని, కొన్ని చుట్లు తిరిగి వస్తారు. దీన్నే ‘ట్రాక్ డే’ అంటున్నారు.

ఈ సరదా ధర్మసమ్మతమేనా అన్న ప్రశ్న మొదట వస్తుంది. మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) స్వయంగా గుర్రాల పరుగు పెట్టించారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు, తర్ఫీదు లేని వాటికి సనియ్యతుల్ విదా నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు దూరం నిర్ణయించారని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం వల్ల తెలుస్తోంది. గుర్రం శక్తిని బట్టి దూరాన్ని వేరు చేయటం గమనించదగ్గ విషయం. కనుక వేగం తనకు తానుగా పాపం కాదు. వీధుల్లో నలుగురినీ భయపెట్టే వేగం కన్నా మూసి ఉన్న ట్రాకు మీది వేగం ఎంతో మేలు. అయితే నమాజు వేళలు దాటకూడదు, ఇంటివారి హక్కులకు లోటు రాకూడదు, దుబారా కూడదు. మరో మాట. “తక్కువ సమయంలో చుట్టు పూర్తి చేసినవాడికి ఓడినవాడు బిర్యానీ తినిపించాలి” అని ఇద్దరు మిత్రులు పందెం వేసుకుంటే అది ఖిమార్, అంటే జూదం అవుతుంది. పందెం చిన్నదైనా ఆదేశం మారదు.

అసలు చిక్కు ఇన్సూరెన్స్ దగ్గర ఉంది. అది రెండు రకాలు. ట్రాకు మీద కారు దెబ్బతింటే మామూలు పాలసీ మీద డబ్బు తీసుకోవచ్చా అన్నది ఒకటి. ట్రాకు కోసమే ప్రత్యేకంగా పాలసీ కొనవచ్చా అన్నది రెండోది.

మామూలు పాలసీలో ఏం రాసి ఉంది?

మన దేశంలో ప్రైవేటు కారు పాలసీ పత్రంలో వాడకపు పరిమితుల గురించి ఒక చిన్న పేరా ఉంటుంది. దాన్ని చదివేవారు బహు తక్కువ. కారును దేనికైనా వాడవచ్చునని చెబుతూనే, కొన్నింటిని మినహాయిస్తారు. కిరాయికి తిప్పటం, సరుకుల రవాణా, వ్యవస్థీకృత రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ ఆ మినహాయింపుల్లో ఉన్నాయి. ఇంటి నుంచి ట్రాకు గేటు వరకు పాలసీ వర్తిస్తుంది. గేటు దాటి ట్రాకు మీదికి ఎక్కాక జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించకపోవటానికే ఆస్కారం ఎక్కువ.

“మేము చేసింది రేసు కాదు కదా, ఊరికే తిరిగాం” అని కొందరు వాదిస్తారు. వాదనలో కొంత పస ఉండవచ్చు. కానీ దాన్ని ప్రమాదం జరిగాక కాదు, ట్రాకుకు వెళ్లకముందే కంపెనీ ముందు పెట్టాలి, అదీ రాతపూర్వకంగా. వర్తిస్తుందని వారు రాసి ఇస్తే మంచిదే. వర్తించదన్నారంటే ఆ ద్వారం మూసుకుపోయినట్లే. ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ ‘మాయిదా’ సూరా మొదటి ఆయతులోనే విశ్వాసులను ఆదేశిస్తోంది. సంతకం పెట్టిన షరతును మనకు అనుకూలమైనప్పుడు గుర్తుంచుకుని, కానప్పుడు మరచిపోవటం విశ్వాసి లక్షణం కాదు.

ఇక ఎక్కువగా జరుగుతున్నది ఏమిటంటే, ట్రాకు మలుపులో గోడకు తగిలి ముందు భాగం నుజ్జయిన కారును లారీ మీద ఊరికి తెస్తారు. “హైవే మీద గేదె అడ్డం వచ్చింది, తప్పించబోయి డివైడర్‌ను గుద్దాను” అని ఫారం నింపుతారు. షెడ్డు మేస్త్రీ కూడా సర్వేయరు ఎదుట అదే చెబుతాడు. చాలామంది దీన్ని తెలివితేటలుగా భావిస్తున్నారు!

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి లోపల చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. మరి ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని ప్రకటించారు. వాన పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. తడిని దాచటమే అతని తప్పు. అలాగే గోడకు తగలటం పాపం కాదు, గోడను దాచి గేదెను సృష్టించటం పాపం. ఆ మేస్త్రీని అబద్ధంలో భాగస్వామిని చేయటం మరో పాపం.

“కంపెనీ ముస్లిములది కాదు కదా”, “ప్రభుత్వ కంపెనీయే కదా”, “ఇన్నేళ్లు ప్రీమియం కట్టాం, ఒక్కసారీ తీసుకోలేదు” అనే సాకులు వింటున్నాం. మనం శాంతి ఒడంబడికతో ఏ సమాజంలో జీవిస్తున్నామో, ఆ సమాజంలో ఎవరి సొమ్మునూ మోసంతో తీసుకోవటం ధర్మసమ్మతం కాదని ఫుఖహా స్పష్టంగా చెప్పారు. ఈ విషయంలో ముస్లిం, ముస్లిమేతరుడు అనే తేడా లేదు. ఇప్పటికే అలా తీసుకున్నవారు ఆ మొత్తాన్ని కంపెనీకి తిరిగి చెల్లించాలి. తౌబా నోటితో మాత్రమే పూర్తి కాదు, ఇతరుల హక్కు మెడ మీద ఉన్నంత వరకు అది అసంపూర్ణమే. ఆ డబ్బును సదఖా చేసేస్తే సరిపోతుందా అని అడుగుతారు. హక్కుదారు ఎవరో తెలిసి, అతనికి చేర్చే దారి ఉన్నప్పుడు సదఖా దానికి బదులు కాదు.

ట్రాకు కోసం ప్రత్యేక పాలసీ

అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో ఒకటి రెండు రోజుల ట్రాక్ డే కోసం పాలసీలు అమ్ముతారు. కారు విలువ ముందుగా ప్రకటించాలి, ప్రీమియం కట్టాలి. నష్టం జరిగితే మొదటి కొంత భాగాన్ని యజమానే భరించి, మిగిలింది కంపెనీ ఇస్తుంది. ఇందులో మోసం లేదు, దాపరికం లేదు. మరి అభ్యంతరం ఏమిటి?

వాణిజ్య ఇన్సూరెన్స్ గురించి ధర్మవేత్తల చర్చ పాతది. 1836లో మరణించిన దమస్కు హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (రహ్మలై) ఓడ సరుకుల బీమా గురించి ‘రద్దుల్ ముహ్తార్’లో చర్చించి, పోయిన సరుకుకు బదులు సొమ్ము తీసుకోవటం వర్తకునికి ధర్మసమ్మతం కాదన్నారు. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ కూడా, నిర్ణీత ప్రీమియంతో సాగే వాణిజ్య ఇన్సూరెన్స్‌లో ఒప్పందాన్ని చెరిపేసేంతటి గరర్ (అనిశ్చితి) ఉందని నిషేధించి, పరస్పర సహకార పద్ధతిని ప్రత్యామ్నాయంగా సూచించింది. సిరియా పండితుడు ముస్తఫా జర్ఖా వంటి కొందరు దీనితో విభేదించి అనుమతించారు. వారి వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. అయినా అధిక సంఖ్యాకుల అభిప్రాయం నిషేధమే.

అలాగైతే మన దేశంలో కారు నడిపేవాడు ఏం చేయాలి? 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేనిదే బహిరంగ ప్రదేశంలో బండి నడపరాదు. ఇది చట్టం విధించిన నిర్బంధం గనుక దాని పాపం వాహనదారుని మీద ఉండదు. అంతకు మించిన పాలసీల విషయంలో, మతకలహాల వల్ల ప్రాణానికీ ఆస్తికీ పొంచి ఉన్న ముప్పును దృష్టిలో పెట్టుకుని మన దేశపు ఉలమాలో పలువురు వెసులుబాటు ఇచ్చారు. ఈ వెసులుబాటుకు పునాది జరూరత్, అంటే అనివార్య అవసరం. అవసరం ఎంత వరకు ఉందో వెసులుబాటు అంత వరకే సాగుతుందన్నది ఫిఖహ్‌లో స్థిరపడిన సూత్రం.

ట్రాకు మీదికి వెళ్లమని చట్టం చెప్పలేదు, ఉపాధి చెప్పలేదు, ప్రాణభయమూ తరమలేదు. మనసుకు నచ్చి వెళ్తున్నాం. అల్లర్లలో దుకాణం తగలబడుతుందేమోనని భయపడే చిరు వ్యాపారికి దొరికిన రుఖ్సత్‌ను, వారాంతపు వినోదానికి అరువు తెచ్చుకోవటం న్యాయం కాదు. కాబట్టి వాణిజ్య కంపెనీ నుంచి ట్రాక్ డే పాలసీ కొనకూడదనే మా అభిప్రాయం. కారు పోతే భరించగలిగినవాడే ట్రాకు మీదికి వెళ్లాలి. అప్పు తీరని కారుతో, ఇంటిల్లిపాదికీ ఆధారమైన ఒకే ఒక్క బండితో వెళ్లటం తెలివైన పని కాదు.

ఇతరుల నష్టం మాటేమిటి?

మన కారు సంగతి ఇలా ఉండగా, ఎదుటివాడి కారును గుద్దితే? ఉద్దేశం లేకపోయినా, స్వయంగా నష్టం కలిగించినవాడు పరిహారం చెల్లించాలన్నది షరీఅతు నియమం. ట్రాకు గేటు దగ్గర సంతకం చేయించుకునే కాగితంలో ఎవరెవరు ఏ హక్కును వదులుకుంటున్నారో చదవకుండా సంతకం పెట్టకూడదు. ఇక ప్రాణమే పోతే, దియత్‌తో పాటు కఫ్ఫారా కూడా ఉందని ‘నిసా’ సూరా 92వ ఆయతు తెలుపుతోంది. బానిసను విడుదల చేసే అవకాశం లేని ఈ రోజుల్లో అది ఎడతెగకుండా రెండు నెలల ఉపవాసాలు. వాటిని ఏ కంపెనీ పాలసీ మన తరఫున పాటించదు.

సహకార నిధి

యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారు యుద్ధయాత్రలో తిండి తగ్గినప్పుడు, తమ దగ్గర మిగిలినదంతా ఒకే గుడ్డలో పోసి, ఒకే కొలతతో సమానంగా పంచుకునేవారు. ప్రవక్త (సఅసం) వారిని తమవారుగా చెప్పుకుని మెచ్చుకున్నారు. 1979లో సూడాన్‌లో మొదలైన తకాఫుల్ కంపెనీకీ, 1984లో మలేషియా చేసిన తకాఫుల్ చట్టానికీ వెనుక ఉన్న భావన ఇదే. గల్ఫ్‌లో ఉన్న సోదరులు తకాఫుల్ పాలసీ తీసుకున్నా సరే, దానిలోని రేసింగ్ మినహాయింపులను చదువుకోవాలి. పేరు తకాఫుల్ అయినంత మాత్రాన షరతులు మారిపోవు.

కలిసి ట్రాకుకు వెళ్లే పది పదిహేను మంది మిత్రులు తమలో తామే ఒక నిధి ఏర్పాటు చేసుకోవచ్చు. ప్రతి ఒక్కరూ ఇచ్చేది ప్రీమియంగా కాక తబర్రు (స్వచ్ఛంద విరాళం) సంకల్పంతో ఇవ్వాలి. నిధి మీద ఎవరికీ లాభం ఉండకూడదు, దాన్ని వడ్డీ ఖాతాలో ఉంచకూడదు. ఎవరి కారుకైనా నష్టం జరిగితే నిధిలో ఉన్నంత మేరకే సాయం అందుతుంది. లేకపోతే ఎవరూ ఎవరినీ నిలదీయరాదు. సంవత్సరాంతంలో మిగిలింది సభ్యులకు తిరిగి పంచాలా, వచ్చే ఏడాదికి ఉంచాలా, పేదలకు ఇవ్వాలా అన్నది మొదటి రోజే కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి.