సందేహాలు - సమాధానాలు: ఆడిట్ కోసం మెయిల్ నకళ్లు

ప్రశ్న: మాది మందుల పంపిణీ సంస్థ. వచ్చే, పోయే ప్రతి మెయిల్ నకలూ దాచమని ఆడిటర్ గారు చెబితే మా పోస్ట్‌ఫిక్స్ సర్వర్‌లో 'ఆల్వేస్_బీసీసీ' పెట్టాను. ఒక్కో మెయిల్‌కు రెండేసి నకళ్లు పడుతున్నాయి. బీసీసీలో పెట్టిన వాళ్లెవరో మాత్రం నకలులో కనిపించడం లేదు. ఏం చేయాలండీ?
- సిస్టమ్ అడ్మిన్, విజయవాడ

జవాబు: రెండేసి పడుతున్నాయంటే మధ్యలో వైరస్ స్కానర్ ఉండి ఉంటుంది. మెయిల్ స్కానర్‌కు వెళ్లి మళ్లీ పోస్ట్‌ఫిక్స్‌లోకే వస్తుంది కాబట్టి, లోపలికి వచ్చిన రెండుసార్లూ నకలు తయారవుతుంది. మెయిన్.సీఎఫ్‌లో 'రిసీవ్_ఓవర్‌రైడ్_ఆప్షన్స్'కు 'నో_అడ్రస్_మ్యాపింగ్స్' ఇవ్వండి. స్కానర్ నుంచి తిరిగొచ్చే పోర్టుకు మాత్రం మాస్టర్.సీఎఫ్‌లో అది వర్తించకుండా చూడండి. ఇక స్కానింగ్ అయ్యాకే, ఒక్కసారే నకలు పడుతుంది.

మీ రెండో ఇబ్బందే అసలైనది. బీసీసీ పేర్లు హెడర్లలో మిగలవు. అవి సర్వర్ల మధ్య నడిచే చిరునామాల్లోనే, అంటే ఎన్వలప్‌లోనే ఉంటాయి. ఆ తర్వాత వాటి జాడ మెయిల్ లాగ్‌లోనే దొరుకుతుంది. ఐటీ చట్టం-2000లోని 7వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డును దాచేటప్పుడు అది ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన, ఎన్నింటికి వెళ్లిందో తెలిసే వివరాలు కూడా ఉండాలంటుంది. అందుకని లాగ్‌నూ నకళ్లతో పాటే దాచి తీరాలి. నకలులోని 'రిసీవ్డ్' హెడర్‌లో క్యూ ఐడీ ఉంటుంది. లాగ్‌లో అదే ఐడీ వెతికితే ఎవరెవరికి చేరిందో వరసగా బయటపడుతుంది. అయితే పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఇచ్చే పొట్టి ఐడీలు కొన్నాళ్లకు మళ్లీ మళ్లీ వస్తాయి. రెండేళ్ల నాటి మెయిల్ వెతికితే ఇంకెవరిదో తగలొచ్చు. 'ఎనేబుల్_లాంగ్_క్యూ_ఐడీస్'ను 'యస్' చేయండి. ఇది 2.9 వెర్షన్ నుంచి ఉంది. చాలా లినక్స్ సర్వర్లలో పాత లాగ్‌లు నాలుగు వారాలకే చెరిగిపోతాయి. లాగ్‌రొటేట్ సెట్టింగ్ మార్చి, వాటిని వేరే మెషిన్‌కు పంపండి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. బిల్లులు, ఆర్డర్ల మెయిళ్లను కూడా అంతకాలం ఉంచడమే క్షేమం.

ప్రశ్న: ఆర్కైవ్ మెయిల్‌బాక్స్ నిండిపోతే మాకు తెలుస్తుందా?
- గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తెలియదు, అదే భయం. 2.3 వెర్షన్ నుంచి ఈ నకళ్లు చేరకపోయినా పంపినవాళ్లకు తిరుగు మెయిల్ రాదు. పంపినవాళ్ల కంట పడకుండా ఉండాలంటే అది మంచిదే. కానీ నకలు పోయిన సంగతి లాగ్‌లో ఒక్క వరస తప్ప ఎక్కడా కనబడదు. ఆర్కైవ్ చిరునామా పక్కన 'బౌన్స్‌డ్' గానీ 'డిఫర్డ్' గానీ రాగానే మీకు కబురొచ్చేలా చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి. రోజూ ఒక పరీక్ష మెయిల్ పంపి, ఆర్కైవ్‌లో తెరిచి చూడండి.

ప్రశ్న: నకళ్లు తీస్తున్నట్టు ఉద్యోగులకు చెప్పాలా?

జవాబు: తప్పకుండా, రాతపూర్వకంగా చెప్పాలి. ఆఫీసు మెయిల్‌లో ఇంటి విషయాలు రాసేవాళ్లు ఎందరో ఉంటారు. ఆర్కైవ్ తాళం ఇద్దరికి మించి ఉండకూడదు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో కూడా నమోదు కావాలి.