మూత్రసంచి తీసేస్తే కాపురం మాటేమిటి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మూత్రాశయ క్యాన్సర్ కండరం దాకా పాకిందట, సంచి మొత్తం తీసేయాలన్నారు. దాంపత్య జీవితం ఇక ముగిసినట్టేనా? డాక్టర్‌ని అడగాలంటే మొహమాటం.

జవాబు: మొహమాటం పక్కనపెట్టి ఆపరేషన్‌కు ముందే అడగండి, తర్వాత అడిగితే చేయగలిగింది తక్కువ. మగవారిలో సంచితో పాటు ప్రోస్టేట్‌నూ తీస్తారు; అంగస్తంభన నరాలు దానికి ఇరుపక్కలా సన్నటి పోగుల్లా అతుక్కుని ఉంటాయి. వాటిని కాపాడుతూ ప్రోస్టేట్ తీయడం 1982లో అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ చేసి చూపారు. అదే మెలకువ మూత్రాశయ ఆపరేషన్‌కూ వచ్చింది. కణితి అటువైపు పాకితే మాత్రం నరాల కోసం పట్టుబట్టకండి. నరాలు నిలిచినా స్తంభన తిరిగి రావడానికి ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. మాత్రలున్నాయి, గుండెకు నైట్రేట్లు వాడేవారు వాటి జోలికి పోకూడదు. వీర్యం రాదు, భావప్రాప్తి ఉంటుంది. పిల్లలు కావాలనుకుంటే కీమోకు ముందే వీర్యం దాచుకోవాలి.

ఇక మూత్రం సంగతి. అది బయటికొచ్చే దారిలో క్యాన్సర్ లేకపోతే, కిడ్నీలు బాగుంటే చిన్నపేగుతో కొత్త సంచి కుట్టొచ్చు. దానికి 'వస్తోంది' అన్న కబురు తెలియదు. గడియారం చూసుకుని, కూర్చుని, పొత్తికడుపు నొక్కుతూ పోయాలి. మొదట్లో రెండు మూడు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకుని మరీ. పగటి పట్టు ముందొస్తుంది. రాత్రి పక్క తడవడం నెలల తరబడి ఉండొచ్చు.

ఈసారి మీ ఆవిడనూ వెంట తీసుకెళ్లండి.