సంఘం పెద్దదవుతున్నప్పుడు

తెనాలి,
ఫిబ్రవరి 2025

చిన్నా,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ చదివాను. అమెరికాలో మీ కాలేజీలో నలుగురు కలిసి మొదలుపెట్టిన మీ శాంతి సంఘానికి ఇప్పుడు సొంత ఆఫీసు, జీతం మీద పనిచేసే మనుషులు, ఒక పెద్ద కూటమి నుంచి పిలుపు వచ్చాయన్నావు. సంతోషం. ఆ కూటమివాళ్లు మర్యాదగానే ఒక మాట అడిగారట. ఆయుధాల ఎగుమతి సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి, ఎన్నికలయ్యాక చూద్దాం అన్నారట. మీలో సగం మంది సరేనంటున్నారు. ఏం చెయ్యమంటావు పెద్దమ్మా అని అడిగావు.

సూటిగానే చెప్తాను. కూటమిలో చేరండి, ఆయుధాల మాట మాత్రం వదలకండి. వదలక తప్పదని ఎక్కువమంది అనుకుంటే, కారణాలు కాగితం మీద పెట్టి, అందరి ముందూ ఓటేసుకుని వదలండి. ఇలా ఎందుకంటున్నానో నీకు అర్థం కావాలంటే నేను ఉద్యోగం చేసిన బహ్రెయిన్ సంగతి కొంత, మన తెనాలి సంగతి కొంత చెప్పాలి.

బహ్రెయిన్ రాజధాని మనామాలో నేను పాఠాలు చెప్పిన బడికి కాస్త దూరంలోనే జుఫైర్ అనే ప్రాంతం ఉంది. 1935లో బ్రిటిష్ నౌకాదళం అక్కడ స్థావరం పెట్టింది. 1971లో, సరిగ్గా మన పంద్రాగస్టు నాడే, బహ్రెయిన్ స్వతంత్ర దేశమైంది. ఆ డిసెంబరులోనే స్థావరంలో కొంత భాగం అమెరికా నౌకాదళానికి అద్దెకు వెళ్లింది. 1995 నుంచి అమెరికా ఐదో నౌకాదళానికి అదే కేంద్రం. ఇరాక్ యుద్ధంలో గల్ఫ్ జలాల్లో తిరిగిన అమెరికా ఓడలకు ఆజ్ఞలు వెళ్లింది అక్కణ్ణుంచే.

ఆ దేశంలో ఈ విదేశీ స్థావరాన్ని వ్యతిరేకించినవాళ్లు లేకపోలేదు. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టు మీద పడ్డప్పుడు మనామా వీధులు అట్టుడికిపోయాయి. అప్పటికే సున్నీలు, షియాలు కలిసి నడుపుతున్న జాతీయ ఐక్యతా కమిటీ నాయకుల్ని పట్టుకుని, వాళ్లలో అబ్దుల్‌రహ్మాన్ అల్-బాకిర్ సహా ముగ్గుర్ని సెయింట్ హెలీనా దీవికి పంపేశారు. నెపోలియన్‌ను ఉంచిన దీవే అది. 1961 దాకా వాళ్లు అక్కడే ఉన్నారు. తర్వాతి తరం వామపక్షాలు రహస్యంగానో, ప్రవాసంలోనో పనిచేశాయి. విదేశీ స్థావరాలు పోవాలన్నది వాళ్ల ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి.

2001లో రోజులు మారాయి. క్షమాభిక్ష ఇచ్చారు, ప్రవాసులు ఇళ్లకు తిరిగొచ్చారు. పాత వామపక్షీయులు కొందరు వాద్ అనే పేరుతో చట్టబద్ధంగా రాజకీయ సంఘం పెట్టుకున్నారు. 2005లో రాజకీయ సంఘాల చట్టం వచ్చింది. నమోదు చేసుకుంటే సభలు, ఎన్నికలు. లేకపోతే తలుపులకు తాళం. దేశంలోకెల్లా పెద్ద ప్రతిపక్ష సంఘం అల్-విఫాక్ నమోదుకు ఒప్పుకుంది. ఒప్పుకోనివాళ్లు బయటికొచ్చి హక్ అనే వేరు కుంపటి పెట్టుకున్నారు. 2006 ఎన్నికల్లో అల్-విఫాక్ 40 సీట్లలో 17 గెలిచింది. 2011లో వీధులు నిరసనకారులతో నిండినప్పుడు దాని నాయకులు ఐదో నౌకాదళం ఉండడం తమకు అభ్యంతరం కాదన్నారు. లెక్క తెలిసిందే. ఇంట్లో సంస్కరణ కావాలి, దానికి అమెరికా కోపం తెచ్చుకోకూడదు. ఒక తరం ప్రవాసంలో ఉండి అడిగిన మాట, సీట్లు వచ్చిన తరానికి బరువైపోయింది.

వాళ్లను తప్పుపట్టాలని కాదు, చిన్నా. జనం రోజూ పోలీసుల ముందు నిలబడి ఉన్నప్పుడు, ఓడల సంగతి తర్వాత చూద్దామనిపించడం సహజం. కానీ తర్వాతేమైందో కూడా చూడు. 2016లో కోర్టు అల్-విఫాక్‌ను రద్దు చేసింది, 2017లో వాద్‌ను రద్దు చేసింది. పక్కన పెట్టిన మాట వాళ్లను కాపాడలేదు. పక్కన పెట్టడం వల్ల ఎదుటివాడి గౌరవం దొరుకుతుందనుకునే ప్రతి సంఘమూ ఈ లెక్క వేసుకోవాలి.

రెండో సంగతి. 2015 మార్చిలో సౌదీ కూటమి యెమెన్ మీద బాంబులు వేయడం మొదలుపెట్టింది. బహ్రెయిన్ అందులో ఉంది. విమర్శించినవాళ్ల మీద చర్య తప్పదని హోంశాఖ ముందే హెచ్చరించింది. అయినా అల్-వహ్దవీ అనే చిన్న సంఘం ఆ దాడుల్ని ఖండిస్తూ ప్రకటన ఇచ్చింది. దాని ప్రధాన కార్యదర్శి ఫాధెల్ అబ్బాస్‌కు అయిదేళ్ల శిక్ష పడింది, అప్పీలులో మూడేళ్లకు తగ్గించారు. యెమెన్ యుద్ధం మీదా జైళ్లలో హింస మీదా ట్వీట్లు పెట్టినందుకు మానవహక్కుల కార్యకర్త నబీల్ రజబ్‌కు 2018లో అయిదేళ్లు వేశారు. అలాంటి చోట మాట్లాడనివాణ్ణి నేను ఏమీ అనను. నేనూ వీసా మీద బతికినదాన్నే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ విషయాలు స్టాఫ్‌రూములో కూడా ఎత్తలేదు. జుఫైర్‌లో అమెరికన్ల ఇళ్లకు అద్దెలు, హోటళ్లలో వంట, కార్లు కడగడం, టాక్సీ నడపడం, వీటి మీద మన వాళ్ల కుటుంబాలు ఎన్ని బతుకుతున్నాయో నాకు తెలుసు. వాళ్లను ఓడలకు వ్యతిరేకంగా మాట్లాడమనే హక్కు ఎవరికీ లేదు.

నోరు నొక్కితే వచ్చే మౌనం వేరు, నోరు నిండితే వచ్చే మౌనం వేరు. ఈ తేడా నువ్వు ఎప్పుడూ మరిచిపోకూడదు. మీ సంఘంలో వీసా మీద ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్లు ఫొటోలో నిలబడనన్నా, సంతకం పెట్టనన్నా పల్లెత్తు మాట అనకు. మీ కూటమి పెద్దలది మాత్రం ఆ మౌనం కాదు. వాళ్లకు పౌరసత్వం ఉంది, లాయర్లున్నారు, కోర్టులున్నాయి. వాళ్లు మాట్లాడకపోతే పోయేది విరాళాలు, పిలుపులు, పెద్దవాళ్లతో భోజనాలు. దానికి జాగ్రత్త అని పేరు పెడితే నువ్వు ఒప్పుకోనక్కర్లేదు.

ఇక మన ఊరు. మీ తాతయ్య యువకుడిగా ఉన్నప్పుడు కమ్యూనిస్టులతో తిరిగాడని నీకు తెలుసు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు పార్టీ అది సామ్రాజ్యవాద యుద్ధమంది. ఒక్క పైసా ఇవ్వొద్దు, ఒక్క మనిషిని పంపొద్దు అంది. పార్టీ నాయకుల్లో సుందరయ్యగారిలాంటి వాళ్లు అజ్ఞాతంలోకి వెళ్లారు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి చేశాడు. కొన్ని నెలల్లో అదే యుద్ధం ప్రజాయుద్ధమైపోయింది. 1942 జులైలో ప్రభుత్వం పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. ఆ ఆగస్టులోనే గాంధీగారు క్విట్ ఇండియా అన్నారు. పార్టీ అందులో చేరలేదు. ఆగస్టు 12న తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు నేలకొరిగారు. రణరంగ చౌక్ దగ్గర వాళ్ల స్మారకాలు నువ్వు చూశావు.

పార్టీవాళ్లకు ఫాసిజం మీద ఉన్న కోపం నిజమైనదే, ఆ భయం న్యాయమైనదే. నేను దాన్ని కాదనను. కానీ ఆ మార్పుతో పాటే పార్టీకి బహిరంగంగా పనిచేసే వీలు వచ్చింది. పత్రికలు, సభలు, నాటక దళాలు వచ్చాయి. 1944లో విజయవాడలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. పార్టీ ఎప్పుడూ లేనంతగా పెరిగింది. ఆ పెరుగుదల వల్లే తర్వాత తెలంగాణ రైతు పోరాటానికి చేవ వచ్చిందని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో బలముంది. మీ తాతయ్యను బాధపెట్టింది వేరు. వాదన మారితే ఫర్వాలేదు, కానీ ఊళ్లో దాని మీద చర్చ జరగకుండానే మారిందనేవాడు. పైనుంచి మాట వచ్చింది, కిందివాళ్లు దాన్ని అప్పజెప్పారు. లాభమూ సిద్ధాంతమూ ఒకే బండి దిగితే, రెండిటి సామానూ విడిగా తనిఖీ చెయ్యాలి. ఆ తనిఖీ చేయని బాకీ పార్టీని ఏళ్ల తరబడి వెంటాడింది.

మీ అమెరికా సంగతి నీకే బాగా తెలుసు. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ ప్రపంచమంతా లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. మైకేల్ హీనీ, ఫాబియో రోహస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ర్యాలీలకు వచ్చినవాళ్లను ఏళ్ల తరబడి ప్రశ్నలడిగి 2015లో పుస్తకం వేశారు. డెమోక్రాట్లు గెలిచాక, ముఖ్యంగా ఒబామా అధ్యక్షుడయ్యాక, ఆ పార్టీని అభిమానించేవాళ్లు యుద్ధ వ్యతిరేక ర్యాలీలకు రావడం మానేశారని వాళ్లు తేల్చారు. 2009 డిసెంబరులో ఒబామా అఫ్గానిస్తాన్‌కు మరో 30 వేల మంది సైనికుల్ని పంపుతున్నానని ప్రకటించాడు. అప్పుడు వీధుల్లో పాత జనం లేరు. యుద్ధం ఆగలేదు, కుర్చీలో మనిషి మారాడంతే.

మీ వాళ్లు చెప్పే బలమైన వాదన నాకు తెలుసు. యుద్ధం మాటెత్తితే మన అసలు పనికి దెబ్బ తగులుతుంది అంటారు. 1967 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ న్యూయార్క్ చర్చిలో వియత్నాం యుద్ధాన్ని ఖండించినప్పుడు, నల్లజాతివారి అతి పెద్ద సంస్థ ఎన్‌ఏఏసీపీ సరిగ్గా ఇదే అంది. రెండు ఉద్యమాల్ని కలపడం పొరపాటని తీర్మానం చేసింది. వాళ్లు దుర్మార్గులు కారు. చట్టాలు సాధించుకుంటున్న సమయంలో అధ్యక్షుణ్ణి దూరం చేసుకోకూడదనుకున్నారు. కింగ్‌కు మద్దతు నిజంగానే తగ్గింది. అయినా ఈ రోజు ఆ చర్చి ప్రసంగాన్ని అందరూ తలుచుకుంటారు, ఆ తీర్మానాన్ని ఎవరూ తలుచుకోరు.

మనసు మార్చుకోవడమే తప్పని అనుకోకు. జర్మనీలో గ్రీన్ పార్టీ పుట్టిన ఉద్యమాల్లో శాంతి ఉద్యమం ఒకటి. ప్రభుత్వంలోకి వచ్చాక 1999లో కొసోవో యుద్ధానికి ఒప్పుకుంది. మే నెలలో బీలెఫెల్డ్‌లో జరిగిన సభలో ఎవరో రంగు సంచి విసిరితే విదేశాంగ మంత్రి యోష్కా ఫిషర్ కర్ణభేరి పగిలింది. విసరడం తప్పే. కానీ ఆ రోజు వాళ్లు తలుపులు మూసుకోలేదు. ముఖాముఖి వాదించుకున్నారు, ఓటేసుకున్నారు, ఓడినవాళ్లలో కొందరు పార్టీ వదిలి వెళ్లారు. ఆ నిర్ణయం నాకు నచ్చదు, ఆ పద్ధతి నచ్చుతుంది. 2003లో ఇరాక్ యుద్ధానికి వెళ్లబోమన్న ప్రభుత్వంలోనూ అదే పార్టీ ఉంది.

కాబట్టి ఇవి చెయ్యి.

ఆఫీసు చిన్నదిగా ఉన్నప్పుడే రాసుకోండి: ఎవరి డబ్బు తీసుకోకూడదు, ఏ మాట సర్వసభ్య సమావేశం ఓటు లేకుండా మార్చకూడదు అని. ఆయుధ కంపెనీల డబ్బు నేరుగా రాదు, ఏదో ఫౌండేషన్ పేరుతో వస్తుంది, కనుక్కోండి.

నెల ఖర్చు అదుపులో ఉంచండి. జీతాలు, అద్దె పెరిగినకొద్దీ వచ్చే నెల చెక్కు పంపేవాడి ముఖం చూడాల్సి వస్తుంది. లెక్కల టీచరుగా చెప్తున్నాను, మెత్తబడడం తీర్మానాల పుస్తకంలో కంటే ముందు ఖర్చుల పుస్తకంలో కనిపిస్తుంది.

ఎవరైనా ఒక మాట పక్కన పెడదామంటే మూడు ప్రశ్నలు అడుగు. యుద్ధం మారిందా, మన హోదా మారిందా? ఇదే పని అవతలి పార్టీ ప్రభుత్వం చేస్తే ఇలాగే ఊరుకుంటామా? మళ్లీ ఏ తేదీన మాట్లాడతాం? మూడో ప్రశ్నకు తేదీ చెప్పలేకపోతే, అది వాయిదా కాదు, విరమణ.

ఓడినవాళ్ల అభిప్రాయం మినిట్స్‌లో రాయించు. వెళ్లిపోయేవాళ్లను ద్రోహులనవద్దు, వాళ్ల ఫోన్ నంబర్లు దాచుకో. ఉండిపోయేవాళ్లను అమ్ముడుపోయారనవద్దు. ఏదో ఒక రోజు రెండు వైపులవాళ్లూ మీకు కావాలి.

ఇప్పుడు మీ కూటమి అడిగిందానికి ఈ మూడు ప్రశ్నలూ పెట్టి చూశాను. యుద్ధం మారలేదు. అవతలి పార్టీ ఉంటే మీరు ఊరుకోరు. తేదీ ఎవరూ చెప్పలేదు. అందుకే వద్దంటున్నాను. కూటమి మిమ్మల్ని వద్దనుకుంటే అనుకోనీ. నలుగురితో మొదలైన సంఘాలు చాలా పనులు చేశాయి.

నా మాట మీ వాళ్లకు చదివి వినిపించినా సరే, వినిపించకపోయినా సరే. ఓటు పెట్టకుండా మాత్రం ఆయుధాల ఎగుమతి వాక్యాన్ని మీ ప్రకటనలోంచి ఎవర్నీ తీసేయనివ్వకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ