ధ్వనిముద్రికలు - పదచ్ఛేదము

భోగాపురమున సంగీతాభిమానులము కొందఱము కూడినపుడు, తాము వినుచున్న ధ్వనిముద్రికలను ఒకరికొకరు వినిపించుకొనుట పరిపాటి. రాగము, కాలప్రమాణము చర్చకు వచ్చును. పదచ్ఛేదము రాదు. అది నాకు వెలితిగా తోచును.

త్యాగరాజస్వామివారి 'జగదానందకారక' (నాటరాగము) సంస్కృతకృతి. జగత్ + ఆనంద అనుచోట తకారమునకు జశ్త్వమున దకారము వచ్చి, ఆనందశబ్దపు ఆకారముతో కూడినది. 'జగదా' అని ఊపిరి తీసికొన్నచో మిగులునది 'నంద'. రామపరమైన కృతిలో నందగోపుడు ప్రవేశించును! బాల్యమున నేనును అట్లే పాడితిని. పాఠశాలలో సమాసము విప్పి చెప్పిన పిదప గాని తప్పు తెలియలేదు. దండి కావ్యాదర్శమున యతిభ్రష్టమును దోషములలో గణించెను. కృతి వృత్తము కాదు, తాళమునకు లొంగవలెను అను ఆక్షేపము సమంజసమే. అయినను శ్రోతకు కలుగు అర్థభంగము సమానము.

విజయనగర సంగీత కళాశాలలో ఫిడేలు బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) గారి రికార్డులందు మాటలే లేవు. కాని సాహిత్యము నెఱిగి వినువాడు కమాను మఱలు చోటులను పరిశీలింపవచ్చును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డు ఒక వైపున సుమారు 3 నిమిషములే పట్టును. మరల మరల వినుటకు అనుకూలము.

తాళపత్రప్రతులకు పాఠాంతరములు గుర్తించునట్లే, ఒకే కృతికి నాలుగు ముద్రికలు చేర్చి, విరామస్థానములను సాహిత్యప్రతిపై గీతలతో గుర్తింపవలెను. సంధిపాఠము చెప్పిన దినముననే విద్యార్థులకు వానిని వినిపింపవచ్చును.