ఏ వాద్యకారునికి ఏ ట్యూబా?

(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్)

బ్యాండులోని ఇత్తడి వాద్యాలలో అన్నింటికంటే పెద్దది, అన్నింటికంటే మంద్రంగా పలికేది ట్యూబా. ట్రంపెట్ ఒక్క స్వరం తప్పితే మైదానంలో ఉన్న అందరికీ తెలిసిపోతుంది. ట్యూబా ఆగిపోతే ఏం ఆగిందో చాలామందికి తెలియదు గాని, పాట కాళ్ళ కింద నేల జారినట్టు అవుతుంది.

ఇంత ముఖ్యమైన వాద్యాన్ని స్కూలు బ్యాండుల్లో ఎవరి చేతికి ఇస్తారో గమనించారా? వరసలో ఎత్తుగా, లావుగా కనబడ్డవాడికి. అలాంటివాడు లేకపోతే చివర మిగిలినవాడికి. హాస్టల్లో మనకు యూనిఫాం ఎలా వస్తుందో తెలిసిందే కదా, ఒకే కొలతకు నూరు జతలు. చొక్కాకు తగ్గట్టు మనమే సర్దుకోవాలి. ట్యూబాతో అలా సర్దుకోబోతే మెడ పట్టేస్తుంది, వెన్ను వంగుతుంది. ఏడాది తిరగకుండానే "నాకు సంగీతం రాదు సార్" అని పిల్లవాడు మానేస్తాడు. వాడికి రాదని ఎవరు పరీక్షించారు? కుదరని వాద్యం ఇచ్చారు, అంతే. అందుకే ఈ వ్యాసం. మీలో స్కూలు బ్యాండులో ఉన్నవారికి, రేపు పోలీసు బ్యాండులోనో మిలటరీ బ్యాండులోనో చేరాలనుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. మన సైన్యానికి సంగీతంలో శిక్షణ ఇవ్వడానికి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ప్రత్యేక విభాగమే ఉంది. ఇది ఉత్త సరదా విద్య కాదని అందరికీ తెలియాలి.

ట్యూబా వయసు మరీ ఎక్కువేమీ కాదు. 1835లో ప్రష్యా దేశపు సైనిక బ్యాండుల అధికారి విల్‌హెల్మ్ వీప్రెష్ట్, బెర్లిన్‌లో వాద్యాలు తయారుచేసే జొహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్జ్ కలిసి దీనికి పేటెంటు తీసుకున్నారు. అంటే పుట్టిందే బ్యాండు కోసం. ఆర్కెస్ట్రాలకు ఆ తర్వాత వెళ్ళింది.

శ్రుతి ముందు, సైజు తర్వాత

"ట్యూబా కావాలి" అని దుకాణంలో అడిగితే వచ్చే మొదటి ప్రశ్న "ఏ శ్రుతి?" అన్నదే. ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. ఎఫ్ ట్యూబా గొట్టం పొడవు సుమారు 12 అడుగులు, ఈ-ఫ్లాట్ 13, సి 16, బి-ఫ్లాట్ 18 అడుగులు. మన హార్మోనియం లెక్కలో చెప్పాలంటే ఎఫ్ నాలుగు శ్రుతి, ఈ-ఫ్లాట్ రెండున్నర, సి ఒకటి, బి-ఫ్లాట్ ఆరున్నర. నాదస్వరంలో పొట్టి తిమిరి, పొడుగు బారి ఉన్నట్టే అనుకోండి. వాద్యం అదే, పొడవును బట్టి గొంతు మారుతుంది.

ఫిజిక్స్ చదివేవారు ఒక చిన్న లెక్క వేసి చూడండి. 18 అడుగులంటే సుమారు 5.5 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లు అనుకుందాం. రెండు కొసలూ తెరిచి ఉన్న గొట్టానికి చేసినట్టు, వేగాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 31 హెర్ట్జ్ వస్తుంది. బి-ఫ్లాట్ ట్యూబా అడుగు స్వరం 29 హెర్ట్జ్. ఇంటర్మీడియట్ పుస్తకంలోని సూత్రం ఇంత దగ్గరగా వచ్చిందంటే నాకైతే సంతోషంగానే ఉంటుంది. మనిషి చెవికి వినబడే కింది హద్దు 20 హెర్ట్జ్ అని చదువుకున్నాం కదా, ట్యూబా ఆ గడప దగ్గర నిలబడి పలుకుతుందన్నమాట.

మరి వీటిలో ఏది తీసుకోవాలి? అది ఎక్కడ వాయిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో స్కూలు పిల్లలు ఎక్కువగా బి-ఫ్లాట్‌తో మొదలుపెడతారు, అక్కడి ఆర్కెస్ట్రాలవాళ్ళు సి వాడతారు. జర్మనీలో పెద్దపాటకు బి-ఫ్లాట్, సన్నని పనికి ఎఫ్. బ్రిటిష్ బ్రాస్ బ్యాండులో మాత్రం రెండు ఈ-ఫ్లాట్‌లు, రెండు బి-ఫ్లాట్‌లు ఉంటాయి. అక్కడ వాటిని ట్యూబా అని కూడా అనరు, బాస్ అంటారు. మన మిలటరీ, పోలీసు బ్యాండులు బ్రిటిష్ వారి కాలంలో ఏర్పడ్డవి కాబట్టి ఆ పేర్లు మన దగ్గరా వినబడతాయి.

బ్రిటిష్ పద్ధతిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. బాస్‌కు కూడా కార్నెట్‌కు రాసినట్టే ట్రెబుల్ క్లెఫ్‌లో స్వరాలు రాస్తారు. కార్నెట్ నేర్చుకున్నవాడు ఈ-ఫ్లాట్ బాస్ పట్టుకున్నా, బి-ఫ్లాట్ బాస్ పట్టుకున్నా అవే వేళ్ళు. మా ఊరి బ్యాండు మేళంలో యూఫోనియం వాయించే మా మేనమామ లాంటివారు ఈ పద్ధతిలో వారం రోజుల్లో బాస్‌కు మారగలరు. ఆర్కెస్ట్రా పద్ధతిలో అలా కాదు. బాస్ క్లెఫ్‌లో అసలు స్వరమే రాసి ఉంటుంది, ట్యూబా మారితే వేళ్ళన్నీ మళ్ళీ నేర్చుకోవాలి. కాబట్టి మీ మాస్టారు ఏ పద్ధతిలో చెబుతున్నారో తెలుసుకోకుండా వాద్యం ఎంచుకోవద్దు. చవకగా వచ్చిందని బ్యాండంతా ఒక దారిలో ఉంటే మీరు ఇంకో శ్రుతి ట్యూబా తెచ్చుకుంటే చిక్కుల్లో పడతారు.

మూడు వాల్వులా, నాలుగా?

ఇది కొంచెం ఓపికగా చదవండి. వాల్వు నొక్కితే గాలి అదనపు గొట్టంలోకి వెళ్ళి స్వరం దిగుతుంది. 2వ వాల్వు అర స్వరం దించుతుంది, 1వది ఒక స్వరం, 3వది ఒకటిన్నర స్వరం. అర స్వరం దిగాలంటే గొట్టం పొడవు 5.95 శాతం పెరగాలి. ఒక స్వరానికి 12.25 శాతం, ఒకటిన్నరకు 18.92 శాతం.

ఇప్పుడు 1, 3 కలిపి నొక్కండి. రెండున్నర స్వరాలు దిగాలి. అందుకు 33.48 శాతం కావాలి. కాని మనం కలిపింది 12.25, 18.92, అంటే 31.17 శాతమే. 2.31 శాతం తక్కువ పడింది. బి-ఫ్లాట్ ట్యూబాలో అది 12 సెంటీమీటర్లకు పైమాటే. గొట్టం పొట్టిగా ఉంటే శ్రుతి పైకి పోతుంది కదా, ఆ స్వరం ఎక్కువగా పలుకుతుంది. మూడు వాల్వులూ కలిపి నొక్కితే కొరత ఇంచుమించు 24 సెంటీమీటర్లు. ఇదే కొరత కార్నెట్‌లోనూ ఉంది. కాని కార్నెట్ గొట్టం నాలుగున్నర అడుగులే కాబట్టి ఇంచుమించు ఆరు సెంటీమీటర్లతో పోతుంది, వేలితో చిన్న స్లయిడు జరిపి సరిచేసుకుంటారు. ట్యూబాలో 24 సెంటీమీటర్లు ఎక్కడ జరుపుతారు? పైగా ట్యూబా పనంతా ఆ కింది స్వరాలలోనే. తయారీదారులు 3వ గొట్టాన్ని కొద్దిగా పొడుగు పెట్టి కొంత సర్దుతారు గాని పూర్తిగా కుదరదు.

అందుకే 4వ వాల్వు. అది ఒక్కటే రెండున్నర స్వరాలు సరిగ్గా దించుతుంది. బ్రిటన్‌లో డేవిడ్ బ్లెయిక్లీ 1874లో ఇంకో ఉపాయం కనిపెట్టాడు. 4వ వాల్వు నొక్కి ఉన్నప్పుడు గాలి మిగతా వాల్వుల్లోని అదనపు చుట్టల గుండా రెండోసారి తిరిగి వస్తుంది, తక్కువ పడ్డ పొడవు దానంతట అదే కలుస్తుంది. దీన్ని కాంపెన్సేటింగ్ పద్ధతి అంటారు. మంచిదే గాని బరువు పెరుగుతుంది, గాలికి అడ్డు కూడా పెరుగుతుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, 6, 7 తరగతుల పిల్లలు మూడు వాల్వులతో మొదలుపెట్టినా నష్టం లేదు. వాద్యం తేలిగ్గా ఉంటుంది, మొదటి ఏడాది పాఠాలకు అది చాలు. పదో తరగతి దాటి బ్యాండులో ఉద్యోగం మీద కన్ను వేసినవారు మాత్రం నాలుగు వాల్వుల దానిమీదే సాధన చేయాలి.

ఒళ్ళు చూసి ఇవ్వొచ్చా?

లావుపాటివాడే ట్యూబా వాయించగలడు అన్న మాటకు సమాధానం ఆర్నాల్డ్ జేకబ్స్. ఆయన 1944 నుంచి 1988 వరకు చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్యూబా వాద్యకారుడు. ఆయనకు ఉబ్బసం ఉండేది, ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువ. ఆ లోపమే ఆయన్ను శ్వాస గురించి డాక్టర్లంత లోతుగా చదివించింది. ఒకే స్వరాన్ని ఒకే గట్టిదనంతో ఊదితే ఏ ఇత్తడి వాద్యంలోనైనా ఖర్చయ్యే గాలి దాదాపు ఒక్కటేనని ఆయన కొలిచి చూపించారు. గొట్టాన్ని గాలితో "నింపాలి" అన్నది అపోహ. గొట్టంలో గాలి ముందే ఉంది, పెదవుల కంపనం దాన్ని కదిలిస్తుంది. మంద్ర స్వరానికి గాలి ఎక్కువ పోతుంది, నిజమే. దానికి మందు మధ్యమధ్య నిండుగా ఊపిరి పీల్చుకోవడమే, అది సాధనతో వస్తుంది.

ఆడపిల్లలకు ఇది కుదరదనేవారికి ఇంకో పేరు చెప్పండి. కరోల్ జాంచ్ 2006లో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూనే ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ప్రధాన ట్యూబా వాద్యకారిణిగా ఎంపికైంది.

ఊపిరి సంగతి అలా ఉంచి, శరీరం లెక్కలోకి వచ్చేది వేరే చోట. చేయి వాల్వు దాకా అందుతుందా, మౌత్‌పీస్ నోటి ఎత్తుకు వస్తుందా అన్నవే చూడాలి. దీనికి జేకబ్స్ కథే మళ్ళీ చెప్పాలి. 1930ల మొదట్లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌కు చెందిన యార్క్ కంపెనీ, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలోని ఫిలిప్ డొనటెల్లి కోసం ఒక పెద్ద సి ట్యూబా చేసింది. జేకబ్స్ చెప్పిన ప్రకారం డొనటెల్లి భారీ మనిషి, పొట్ట అడ్డం రావడంతో మౌత్‌పీస్ నోటికి సరిగా అందలేదు. విద్యార్థిగా ఉన్న జేకబ్స్ దాన్ని 175 డాలర్లకు కొనుక్కున్నారు. తర్వాత ఆ ట్యూబా ఎంత పేరు తెచ్చుకుందంటే, పెద్ద కంపెనీలు దాని కొలతలు తీసుకుని నమూనాలు చేశాయి. అంత గొప్ప వాద్యమూ ఎవరికోసం చేశారో ఆ మనిషికే కుదరలేదు చూడండి!

పరీక్ష చాలా సులువు. ముందు ట్యూబా లేకుండా కుర్చీలో నిటారుగా కూర్చోండి. అప్పుడు ఇంకొకరిని ట్యూబా తెచ్చి ఒళ్ళో పెట్టమనండి. మౌత్‌పీస్ మీ పెదవుల దగ్గరకు రావాలి. మీరు మెడ సాచినా, గడ్డం పైకెత్తినా అది మీకు ఎత్తు. వంగవలసి వస్తే తక్కువ. ఎత్తైతే ట్యూబాను తొడల మధ్య కుర్చీ మీదకో, నేల మీద స్టాండు మీదకో దించవచ్చు. తక్కువైతే కింద మడతపెట్టిన దుప్పటి వేస్తే సరి. ఈ చిన్న సర్దుబాటుతో సగంమంది పిల్లల ఇబ్బంది తీరుతుంది. కుడిచేయి మోచెయ్యి పక్కటెముకలకు నొక్కుకోకుండా వాల్వుల మీద వేళ్ళు వంపుగా ఆనాలి. వేళ్ళు చాచితేగాని అందకపోతే ఆ ట్యూబా వద్దు. పైనుంచి నొక్కే వాల్వులు చేతికి కుదరకపోతే ముందువైపు వాల్వులున్నవి చూడండి.

సైజుల విషయంలో ఒక మోసం ఉంది. 3/4, 4/4, 5/4, 6/4 అని రాస్తారు. 3/4 అంటే గొట్టం పొడవు ముప్పావు అని చాలామంది అనుకుంటారు. పొడవు మారదు, మారితే శ్రుతే మారిపోతుంది. తగ్గేది లావు, బెల్ వెడల్పు, బరువు. పైగా ఈ అంకెలకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు, ఒక కంపెనీ 4/4 ఇంకో కంపెనీ 5/4 అంత ఉండవచ్చు. చిన్నవి 5 నుంచి 7 కిలోలు ఉంటాయి, పెద్దవి 10 కిలోలు దాటుతాయి. హాలులో కూర్చుని వాయించేవారికి బరువు పెద్ద సమస్య కాదు. ఆగస్టు 15 కవాతులో నడుస్తూ వాయించాలంటే సూసాఫోన్ నయం. జాన్ ఫిలిప్ సూసా కోరిక మీద 1893లో జె.డబ్ల్యు. పెప్పర్ కంపెనీ తొలిసారి చేసిన ఈ వాద్యం ఒంటి చుట్టూ తిరిగి ఎడమ భుజం మీద ఆనుతుంది. ఫైబర్‌గ్లాస్‌వి ఇంకా తేలిక, కాకపోతే ఇత్తడికున్న నిండుతనం రాదు.

పాతది కొనేటప్పుడు

పేరున్న కంపెనీల కొత్త ట్యూబాలు లక్షల్లో ఉంటాయి. మన దేశంలో బ్యాండు వాద్యాలకు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్, అందులో జలీ కోఠీ ప్రాంతం ప్రసిద్ధి. అక్కడివి చవక. ఒకే దుకాణంలో పక్కపక్కన ఉన్న రెండు వాద్యాలు కూడా ఒక్కలా పలకకపోవచ్చు కాబట్టి వీలైనంతవరకు ఊది చూసే కొనాలి.

మన స్కూళ్ళకు ఎక్కువగా వచ్చేవి పాతవే, దాతలు ఇచ్చినవి కూడా. ఉచితంగా వచ్చింది కదా అని చూడకుండా తీసుకోకండి. వాల్వు నొక్కకుండా దాని స్లయిడు లాగండి. టప్పుమని శబ్దం వస్తే గాలి పోవడం లేదని అర్థం. నిశ్శబ్దంగా వచ్చేస్తే వాల్వు అరిగిపోయింది, దానికి బాగుచేత ఖర్చు ఎక్కువ. బెల్ మీద సొట్టలు చూడ్డానికి బాగుండవు గాని అంత ప్రమాదం కాదు. మౌత్‌పీస్ తర్వాత వచ్చే సన్నని గొట్టంలో సొట్ట ఉంటే మాత్రం పలుకు దెబ్బతింటుంది. అక్కడే గులాబీ రంగు మచ్చలు కనబడితే ఇత్తడిలోని జింకు తినేసిందని గుర్తు, వదిలేయండి. ఆ తర్వాత వాల్వులు నొక్కకుండా స్వరాలు ఒక్కొక్కటీ ఊది శ్రుతి పెట్టెతో పోల్చండి. 5వ హార్మోనిక్ కొద్దిగా తగ్గుగా ఉంటుంది, అది ప్రకృతి ధర్మం, తయారీ లోపం కాదు.

చివరగా మౌత్‌పీస్. ట్యూబా మౌత్‌పీస్ గిన్నె లోపలి వెడల్పు ఇంచుమించు 32 మిల్లీమీటర్లు. కాడల సైజులు అన్నీ ఒకటి కావు, యూరప్ కాడ అమెరికా కాడ కంటే లావు. గొట్టంలో పెడితే ఊగకూడదు. ఒక ట్యూబాను నలుగురైదుగురు వంతులవారీగా వాయించే చోట, కొత్త ట్యూబా కోసం అర్జీలు పెట్టేకంటే ముందు తలా ఒక మౌత్‌పీస్ అడగండి. ట్యూబా ధరతో పోలిస్తే దాని ఖరీదు చాలా తక్కువ, జలుబు నుంచి నోటి పుళ్ళ దాకా ఒకరివి ఒకరికి అంటవు. రోజూ సబ్బు నీళ్ళతో కడిగి, పేరు రాసిన గుడ్డ సంచిలో పెట్టుకుంటే ట్యూబా మీ వంతు కానప్పుడు కూడా మౌత్‌పీస్ ఒక్కదానితో పెదవుల సాధన చేసుకోవచ్చు. స్టడీ అవర్‌లో మాత్రం వద్దు, వార్డెన్ గారికి వినబడుతుంది.