ఎలుగుబంటికి పిస్తోలు పనికొస్తుందా? ఆకు కోతకు పోయేవారికి ఈ వారం పాఠం



పోయిన వారం హోసూరు వైపు తమ్ముడొకరు గ్రూపులో ఒక వీడియో పెట్టి ఇట్లా అడిగారు: "అన్నా, అమెరికాలో అడవికి పోయేవాళ్లు ఎలుగుబంటి భయానికి పిస్తోలు కట్టుకొని పోతారంట. మా తోట పక్కనే గుట్ట. నాలుగో జ్వరం లేచినాక తెల్లారకముందే ఆకుకు పోవాల. మనమూ లైసెన్సు తీసుకుంటే ఎట్లుంటుంది?"

ఇది నవ్వి పక్కన పెట్టే ప్రశ్న కాదు. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఐదో దశలోనే తింటుంది. ఆ వారం రోజులు ఆకు ఆలస్యమైతే గూడు బరువు తగ్గుతుంది. అందుకే చీకట్లో తోటకు పోతాం. సరిగ్గా ఆ వేళకే ఎలుగు రాత్రి మేత ముగించుకొని గుట్టకు తిరిగి పోతుంటుంది. ఇద్దరి దారీ ఒకటే అవుతుంది. కాబట్టి తమ్ముడి ప్రశ్నకు మొదటి నుంచీ జవాబు చూద్దాం.

అమెరికాలో ఎందుకు కట్టుకుంటారు?

ఆ వీడియోలు ఎక్కువగా అలాస్కా వైపువి. అక్కడుండేది గోధుమరంగు ఎలుగు. మన ఎలుగుకు రెండు మూడింతలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ బరువుంటుంది. దాని కండ, ఎముక దాటి గుండు లోపలికి పోవాలి కాబట్టి 44 మ్యాగ్నం రివాల్వర్, 10 మిల్లీమీటర్ల పిస్తోలు లాంటి బలమైనవి ఎంచుకుంటారు. తగలగానే విచ్చుకునే గుండు కాకుండా గట్టి గుండు వాడతారు. నడుముకు కడితే సంచి పట్టీలు అడ్డం వస్తాయని చాలామంది రొమ్ము మీద ఒర కట్టుకుంటారు. చెయ్యి పెట్టగానే అందాలని వాళ్ల లెక్క.

మరి పని చేస్తుందా? అలాస్కాలో 1883 నుంచి 2009 వరకు తుపాకి ఉన్న మనుషులకు ఎలుగు ఎదురైన 269 ఘటనలను పరిశోధకులు వరుసగా చూసి 2012లో ప్రచురించారు. పిస్తోలు కాల్చినచోట చాలాసార్లు ఎలుగు ఆగింది, నిజమే. కానీ తుపాకి కాల్చినవాళ్లకూ, దగ్గర ఉండీ కాల్చనివాళ్లకూ గాయాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తీసే సమయం దొరకదు, గుండు గురి తప్పుతుంది, మధ్యలో మనుషులు అడ్డం ఉంటారు.

అదే అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు మిరప ఘాటు స్ప్రే వాడిన ఘటనలను కూడా లెక్క తీశారు. దగ్గరగా ఎదురైనప్పుడు స్ప్రే ఉన్నవాళ్లలో 98 శాతం మందికి గాయం కాలేదు. గురి చూసే పని లేకుండా మబ్బులాగా అడ్డం పడుతుంది కాబట్టి అది పనికొచ్చింది. అంటే పిస్తోలు కట్టుకొని పోయే చోటే అది మొదటి జవాబు కాదు.

మన ఎలుగు వేరు

కన్నడంలోనూ తమిళంలోనూ కరడి అనే మన నల్ల ఎలుగు ముఖ్యంగా చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు తిని బతుకుతుంది. మనిషిని తినడానికి రాదు. కానీ పులితో కలిసి బతికిన జంతువు అది. బెదిరితే పారిపోవడం కంటే మీద పడడమే దానికి అలవాటు. చూపు అంత బాగుండదు. పుట్ట తవ్వుకుంటూ తల లోపల పెట్టిందంటే మనిషి వచ్చింది కూడా తెలుసుకోదు. మనం పక్కకు వచ్చాక ఉలిక్కిపడి లేస్తుంది. పిల్లల్ని వీపు మీద మోసే తల్లి అయితే ఇంకా కోపంగా ఉంటుంది. గోళ్లు మూడు నాలుగు అంగుళాలు. గాయాలు ఎక్కువగా ముఖానికి, తలకే అవుతాయి.

ఇది ఎక్కడో దూరపు సంగతి కాదు. బళ్లారి జిల్లా దరోజిలో 1994లో ఎలుగుల కోసమే అభయారణ్యం పెట్టారు. తుమకూరు, రామనగర గుట్టల్లో, కృష్ణగిరి, హోసూరు అడవుల్లో కూడా ఎలుగులున్నాయి. రాతిగుట్ట, దాని కింద నీళ్లు, పక్కన తోట ఉన్నచోట అది తిరుగుతుంది.

ఇప్పుడు మన తోటలో పిస్తోలును ఊహించుకోండి. కుడిచేతిలో కొడవలి, ఎడమచేతిలో కొమ్మలు, లేదా నెత్తిన ఆకుమోపు. జంట సాళ్ల తోటలో కొమ్మలు మనిషెత్తు పెరిగి ఉంటాయి. ఎలుగు కనపడేది పది ఇరవై మీటర్ల లోపే. అది మనకంటే వేగంగా పరుగెత్తుతుంది, ఆ దూరం రెండు మూడు సెకన్లలో దాటుతుంది. ఆ లోపల మోపు పారేసి, పిస్తోలు తీసి, చీకట్లో గురి చూడాలి. పక్క సాలులో ఆకు కోస్తున్నది మన ఇంటి ఆడపడుచే కావచ్చు. గుండు ఎవరికి తగులుతుందో ఎవరు చెప్పగలరు? గాయపడిన ఎలుగు మరీ ప్రమాదం.

చట్టం సంగతి

1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పిస్తోలు దగ్గర ఉంచుకోవడమే నేరం. పంట కాపాడుకోవడానికని ఆ చట్టంలో చెప్పింది మందు కూరి కాల్చే నాటు తుపాకి గురించి. దానికి కూడా లైసెన్సు ఉండాలి. ఎలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిజంగా కాపాడుకోవడానికే దాన్ని గాయపరిచినా, అది చచ్చినా నేరం కాదని అదే చట్టంలోని 11వ సెక్షను చెప్తుంది. కానీ ముందుగా కాపు కాసి కాల్చడం, కంచెకు కరెంటు పెట్టడం, నాటుబాంబు పెట్టడం ఆత్మరక్షణ కిందికి రావు. ఆ కరెంటు తీగకు మన మనుషులే బలైన ఊళ్లు లేవా?

మరి మనకు ఆయుధం ఏది?

మా మాట ఒక్కటే: ఎలుగుకు ఎదురు నిలిచే ఆయుధం వెతకొద్దు, అది తిరిగే వేళకు తోటలో లేకుండా పని సర్దుకోండి. మన ఆయుధం ఆకు గది.

1. పొద్దున మొదటి మేతకు కావలసిన ఆకు ముందురోజు సాయంత్రమే, చీకటి పడకముందే కోసి పెట్టుకోండి. ఆకు గదిలో వదులుగా నిలబెట్టి, తడి గోనెపట్ట కప్పండి. కుక్కి పెడితే వేడెక్కి చెడుతుంది. తెల్లారినాక తర్వాతి మేతకు కోయండి. ఈ ఒక్క మార్పుతో చీకటి కోత చాలావరకు తప్పుతుంది.

2. తప్పనిసరిగా పోవాల్సి వస్తే ఇద్దరికి తక్కువ పోవద్దు. తలకు కట్టుకునే లైటు వాడండి, చేతులు ఖాళీగా ఉంటాయి. గజ్జెలు కట్టిన పొడుగు కర్ర నేలకు తాటిస్తూ గట్టిగా మాట్లాడుకుంటూ పొండి. కర్ర కొట్టడానికి కాదు, మనం వస్తున్నామని ముందే చెప్పడానికి. ఫోనులో పాట పెట్టి చెవిలో పెట్టుకొని మాత్రం పోవద్దు.

3. గట్టు మీది పుట్టలు, పొదలు, రేగిచెట్ల దగ్గర ఆగి చూడండి. చెద తినేటప్పుడు ఎలుగు ఉఫ్ ఉఫ్ మని ఊది పీల్చే శబ్దం దూరానికే వినిపిస్తుంది. గుట్ట వైపున్న సాళ్లను ఎండ వచ్చినాకే కోయండి. తోట అంచున పొదలు కొట్టి నాలుగు అడుగుల బాట తెరిచి పెట్టండి.

4. కుక్కను ముందు వదలొద్దు. అది ఎలుగును రెచ్చగొట్టి, దాన్ని వెంటేసుకొని మన దగ్గరికే వస్తుంది.

5. అంగట్లో దొరికే చిన్న మిరప స్ప్రే అలాస్కా స్ప్రే లాంటిది కాదు. రెండు మూడు మీటర్లకు మించి పోదు. దాన్ని నమ్ముకొని ధైర్యం చేయొద్దు. వాడాల్సి వస్తే అది పడిన ఆకు పురుగుకు వేయొద్దు. టపాకాయల పొగ కూడా షెడ్డు దగ్గర వద్దు.

ఎదురైతే?

దూరంగా కనపడితే ఆగండి. పరుగెత్తొద్దు, రాయి విసరొద్దు. దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరిగి దారి వదలండి. చెట్టెక్కితే లాభం లేదు, అదీ ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకొని, ముఖం నేలకు పెట్టి, రెండు చేతులూ మెడ వెనక గట్టిగా పట్టుకోండి. అది పోయినాక కూడా కాసేపు లేవొద్దు. తోడున్నవాళ్లు గుంపుగా నిలబడి కేకలు వేయాలి, ఒక్కరే దాని మీదికి పోవద్దు.

గాయమైతే రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి 108కి ఫోను చేయండి. చిన్న గీత అయినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోండి. పిచ్చికుక్క కరిస్తే వేసే రేబిస్ సూది, ధనుర్వాతం సూది రెండూ అవసరమే. పసుపు, సున్నం పూయొద్దు. అదే రోజు అటవీశాఖ వాళ్లకు చెప్పి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. పరిహారానికి ఆసుపత్రి కాగితాలు కావాలి, దాచుకోండి.

తమ్ముడికి మా జవాబు ఇదే. పిస్తోలుకు పెట్టే డబ్బుతో తలలైట్లు, గోనెపట్టలు, ఆకు గదికి ఒక మంచి తలుపు వస్తాయి. ఒక పంట గూళ్లు కొంచెం తేలికైతే వచ్చే పంటలో సర్దుకోవచ్చు. మనిషి పోతే సర్దుకునేది ఏముంది?

ఈ వారం పని: పగటిపూట ఒకసారి మీ తోట చుట్టూ తిరిగి పుట్టలు, పొదలు, నీటిగుంట దారి చూసుకోండి. అడుగుజాడలు, తవ్విన పుట్టలు కనపడితే ఊరి పేరుతో సహా గ్రూపులో రాయండి. పక్క ఊరివాళ్లు జాగ్రత్త పడతారు.