చలికాలపు సైకిలు సాధన

సైకిలును గురించి కూడా వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వవచ్చును. కాలేజీ షెడ్డులో వున్నవి చాలావరకు మోటారు సైకిళ్ళే గదా! అయినా తెల్లవారుజామున విశాఖ బీచి రోడ్డు మీద గాని, హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ మీద గాని ఒకసారి నిలబడి చూడండి. హెల్మెట్ పెట్టుకొని తొక్కేవారు తక్కువేమీ కాదు. వారిలో చాలామందికి పందెం మీద మోజు లేదు, దూరం మీదనే మోజు. చదువో, ఉద్యోగమో చూసుకుంటూ వారానికి ఏడెనిమిది గంటలు మాత్రమే తొక్కగలిగిన అట్టి ఔత్సాహికుని కోసమే యీ నాలుగు మాటలు.

ముందుగా సీజను సంగతి తేల్చుకోవాలి. సైకిలు శిక్షణ పుస్తకాలు దాదాపు అన్నీ ఐరోపా, అమెరికాలలో పుట్టినవి. బెల్జియంలో డిసెంబరు అంటే వాన, బురద, సాయంత్రం అయిదు కాకుండానే చీకటి. రోడ్డు పందేలు ఆగిపోతాయి. కొందరు సైకిలు భుజాన వేసుకొని బురదలో పరుగెత్తే సైక్లో-క్రాస్‌లోకి దిగుతారు. మిగిలినవారు ఇంట్లో రోలర్ల మీద తొక్కుకుంటూ వసంతం కోసం యెదురు చూస్తారు. కనుక చలికాలంలో తగ్గించు, ఏప్రిల్‌కు పదునెక్కు అని ఆ పుస్తకాలు చెప్పడంలో న్యాయం వుంది. ఆ ముక్కనే మనం కాపీ కొట్టి, మే నెలలో రెంటచింతల రోడ్డు మీద పదును చూపించబోతే మిగిలేది వడదెబ్బ! మనకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాధన కాలమూ అదే, సీజనూ అదే. ఒంటికి విరామం ఇవ్వవలసింది మండు వేసవిలో.

దూరపు సవారీలకు ప్రపంచమంతటా ప్రమాణం పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ వారి నియమాలు. వాటిని బ్రెవే అంటారు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. వారి సంవత్సరం నవంబరు 1న మొదలవుతుంది. నాలుగేళ్ళకొకసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ సవారీ 1200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. 1891లో అది పందెంగా మొదలైనప్పుడు షార్ల్ తెరాఁ అనే ఆయన 71 గంటల చిల్లరలో గెలిచాడు. ఇప్పుడది పందెం కాదు, గడువులోగా చేరితే చాలు. కాని అక్కడికి వెళ్ళాలంటే ఆ సీజనులోనే పై నాలుగు దూరాలూ పూర్తి చేసి వుండాలి. అందుచేత పారిస్ వెళ్ళదలచిన తెలుగువాడికి మన చలికాలమే ప్రవేశపరీక్ష.

200 కిలోమీటర్ల లెక్క చూద్దాం. గంటకు 20 చొప్పున తొక్కితే పది గంటలు. టిఫినుకు, పంక్చరుకు, చెట్టు క్రింద నడుం వాల్చడానికి మూడున్నర గంటలు మిగిలే వుంటాయి. 25 చొప్పున పోతే రెండు గంటలు ఆదా అవుతుంది నిజమే. అయితే గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనం ప్రకారం పెరుగుతుంది. 20 నుంచి 25కు వెళితే అది దాదాపు రెట్టింపు. ఇది ఫిజిక్సు లెక్చరరు గారిని అడిగినా చెబుతారు. మన కుర్రవాళ్ళు మొదటి 60 కిలోమీటర్లు గుర్రాల్లా పరుగెత్తి, 120 దగ్గర కల్వర్టు మీద కూలబడడానికి కారణం యిదే.

రెండవ కారణం ఒంట్లో వుంది. కండరాలలోను, కాలేయంలోను నిలువ వుండే గ్లైకోజెన్ సుమారు 400 నుంచి 500 గ్రాములు, అనగా రమారమి 2000 కేలరీలు. వేగంగా తొక్కితే మూడు, నాలుగు గంటలకే అది హరీ! కొవ్వు సంగతి అట్లా కాదు. 60 కిలోల సన్నటి విద్యార్థిలో కూడా ఆరు కిలోల కొవ్వు వుందనుకుంటే 54,000 కేలరీలు. ఆ ఖజానా తాళం నెమ్మదిగా తొక్కినప్పుడే తెరుచుకుంటుంది. వారాల తరబడి నెమ్మది సవారీలు చేస్తే కండకణాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి, కేశనాళికలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే నేర్పు వస్తుంది. నెమ్మది అంటే యెంత? ప్రక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే మరీ నెమ్మది, ఒక్కొక్క మాటే ఊడిపడుతుంటే మరీ వేగం. గడియారాలు, గుండె మీటర్లు వున్నవారికి అవి వుండనే వున్నాయి, లేనివారికి నోరు చాలు.

కనుక వారంలో రెండు రోజులు గంటేసి నెమ్మది సవారీ, ఒకరోజు ఘాటుగా ఎక్కుడు. విశాఖవారికి కైలాసగిరి వుంది, ఇతరులకు ఊళ్ళో ఫ్లైఓవరైనా వుంటుంది. ఆదివారం దూరం పోవాలి. మొదట 50, తరువాత 65, 80, ఇలా. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించాలి. ఈ తగ్గించడం అనేది చెబితే యెవరూ వినరు. గుండె కొద్దివారాల్లోనే బలపడుతుంది గాని మోకాలి దగ్గర కండరాన్ని ఎముకకు పట్టివుంచే స్నాయువులకు నెలలు పడుతుంది. ఊపిరి బాగుంది గదా అని తొక్కేస్తే మోకాలు సంక్రాంతికి ముందే సమ్మె చేస్తుంది. సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. మడమను పెడలు మీద పెట్టినప్పుడు క్రింది స్థానంలో కాలు తిన్నగా చాగాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. మన హాస్టలు సైకిళ్ళలో సగానికి సీటు రెండంగుళాలు క్రిందికే వుంటుంది. వీటితోపాటు వారానికి రెండు పూటలు తాలింఖానాలో మన తాతలు తీసిన బస్కీలు తీస్తే తొడలకు అంతకంటే మంచి మందు లేదు. ఖర్చు కూడా లేదు.

కోస్తావారికి గాలి ఒక పాఠం. చలికాలంలో ఈశాన్యపు గాలి తోలుతుంది. విశాఖ నుంచి భీమిలి వైపు సుమారు పాతిక కిలోమీటర్లు ఎదురుగాలిలో పోయి, అలసిన కాళ్ళతో తిరిగి వచ్చేటప్పుడు ఆ గాలినే వెన్ను తట్టించుకోవడం తెలివి. ముందు పోయేవాడి వెనుకనే అంటిపెట్టుకుంటే శ్రమ మూడోవంతు దాకా తగ్గుతుంది. అయితే వంతులు మారాలి సుమా, ఒక్కడినే చంపగూడదు.

తిండి విషయంలో విదేశీ పొట్లాల కోసం డబ్బు తగలెయ్యనక్కర లేదు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం వెళ్ళాలి. ఒక అరటిపండుకు దాదాపు 25 గ్రాములు వస్తుంది, ఒక బెల్లం ముక్కకు యించుమించు అంతే. పండుగ నెలలో నువ్వులుండలు జేబులో వుండనే వుంటాయి. ఆకలి వేసేదాకా ఆగవద్దు. చలికి దాహం తెలియదు కనుక నీళ్ళు కూడా గుర్తుపెట్టుకొని త్రాగాలి.

ఇక రోడ్డు. లంబసింగి, అరకు దారుల్లో తెల్లవారుజామున పొగమంచు పది గజాల అవతల యేముందో తెలియనివ్వదు. ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, మెరిసే చొక్కా లేకుండా ఆ వేళ బయలుదేరడం సాహసం కాదు, మూర్ఖత్వం. మంచులో తడిసిన చైనును ఇంటికి రాగానే గుడ్డతో తుడిచి చుక్క నూనె వెయ్యాలి. అన్నిటికంటె మన పల్లె రోడ్ల ప్రత్యేకత కోతల కాలంలో వుంది. రైతులు ధాన్యం తారురోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్ళు కనబడవు, గింజల మీద సన్నటి టైరు నిలవదు. అలాంటిచోట బ్రేకు గట్టిగా పట్టకుండా ముందునుంచే వేగం తగ్గించి, దిగి, గట్టు ప్రక్కగా నడిపించుకుపోవాలి. పదమూడున్నర గంటల్లో దానికి పట్టేది ఒక నిమిషం. కుప్ప దగ్గర కాపలా వున్న పెద్దాయన ఎక్కడికి బాబూ అని పలకరిస్తే మరో అయిదు నిమిషాలు.